పేషెంట్ నిజం చెప్పాలంటె మనం ఎట్ల ఉండాలె: కొత్తగ డ్యూటీల చేరిన సిస్టర్లకు

కాలు విరిగి ఒక పెద్దమనిషి అడ్మిట్ అయిండు మా వార్డుల. మొదటిరోజు మంచిగనే ఉన్నడు, పక్క బెడ్డాయనతోటి ముచ్చట పెట్టిండు, ఇంటికెల్లి తెచ్చిన జొన్నరొట్టె తిన్నడు. రెండోనాడు మాపటికి చేతులు వణుకుడు షురూ అయింది, రాత్రి పదింటికి గోడ మీద పురుగులు పారుతున్నయని చేత్తోటి దులుపుడు, సెలైన్ పీకేసుకునుడు, తెల్లారకముందే ఫిట్స్. కొడుకేమో గాలి సోకింది తాయెత్తు కట్టిస్త అంటడు, వార్డ్ బాయ్ బెడ్డుకు కట్టేద్దామని తాళ్ళు పట్టుకొచ్చిండు. కేస్ షీట్ తీసి చూస్తె అలవాట్లు అన్న కాడ 'ఏమీ లేవు' అని రాసుంది. ఆ రాత ఎవరిదో కాదు, నాదే. అడ్మిషన్ టైంల పదిమంది ముంగట, కోడలు పక్కన నిలబడి ఉండంగ "తాగుతవా తాతా" అని అడిగిన, "లేదు బిడ్డా, ఎప్పుడన్న దావత్‌ల" అన్నడు, నేను రాసుకొని ఇంకో బెడ్డుకు పోయిన. తెల్లారి కోడలు చెప్పింది, రోజుకు ఐదారు సీసల కల్లు పడకపోతె ఆయనకు నిద్రే రాదంట.

పాలమూరు, నారాయణపేట దిక్కు పనిచేసినోళ్ళకు ఇది కొత్త ముచ్చట కాదు. కల్లు అంటె అన్ని చోట్ల చెట్టు మీదికెల్లి దిగిన కల్లే కాదు, కొన్ని కాడ అల్ప్రాజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్ అసొంటివి కలుపుతరు, ఏండ్లకేండ్లు అది పడ్డ పెయ్యికి ఒక్కసారి బంద్ అయితె వణుకు, నిద్ర లేకపోవుడు, లేనియి కనపడుడు, ఫిట్స్ అన్నీ వస్తయి, చానామందికి మొదటి రెండు మూడు రోజులల్లనే. అది పిచ్చి కాదు, గాలి కాదు. ముందుగాల తెలిస్తె డాక్టర్ సారు దానికి తగ్గ మందు రాస్తడు, కట్టేసుడు అవసరమే పడదు. రోజూ సారా, బ్రాందీ తాగేటోళ్ళకైతె గ్లూకోజ్ కంటె ముందు థయమిన్ (బీ1 విటమిన్) పడాలె, అది మనం చదువుకున్నదే, కాని తాగుతడని తెలిస్తె గద.

నర్సింగ్ కాలేజీల మనకు పేషెంట్ మనసు ఒక చాప్టర్, సేఫ్టీ ఇంకో చాప్టర్, అందరికీ సమానంగ వైద్యం అందుడు ఇంకో చాప్టర్ అని చెప్పిన్రు. వార్డుల అవి మూడు లేవు, ఒక్కటే ఉన్నది. భయపడ్డ మనిషి దాస్తడు, దాస్తె మన చేతుల మందు తప్పుతది, ఇగ అందరికంటె ఎక్కువ భయపడేది ఎవరంటె పైసలు లేనోడు, మాట రానోడు, ఎంట మనిషి లేనోడు. కాబట్టి నేను చెప్పేదంత ఆ భయం ఎట్ల తియ్యాల్నో అన్నదాని గురించే. హెడ్ సిస్టర్ లెక్క క్లాస్ పీకుతలేను, నేను పడ్డ తిప్పలు మీరు పడొద్దని రాస్తున్న.

అడిగే తీరు

ఫస్ట్ నిలబడి అడుగుడు బంద్ చెయ్యాలె. బెడ్డు పక్కన స్టూల్ ఉంటది, దాని మీద అటెండర్ టిఫిన్ డబ్బా ఉంటది, డబ్బా పక్కకు పెట్టి కూసో. రెండు నిమిషాలు కూసొని అడిగినా, నిలబడి పది నిమిషాలు అడిగినదానికంటె ఎక్కువ చెప్తరు, ఇది చేసి చూడు నీకే తెలుస్తది. ఇగ పిలుపు. పెద్దోళ్ళయితె అవ్వా, తాతా, పెద్దాయనా, నీ ఈడోళ్ళయితె అక్కా, అన్నా. "మూడో నంబర్", "ఆ టీబీ కేసు", "ఏయ్ ముసల్దానా" అసొంటివి నోట్లకెల్లి రావొద్దు, డ్యూటీ రూంల మనం మనం మాట్లాడుకునేటప్పుడు కూడ రావొద్దు ఎందుకంటె అక్కడ అలవాటైన నోరు వార్డుల కూడ గట్లనే తిరుగుతది.

"తాగుతవా?" అని అడిగితె లేదనే వస్తది. "తాతా, పొద్దున ఎన్ని సీసలు, మాపున ఎన్ని?" అని అడుగు. తాగుడు మామూలే అన్నట్టు, లెక్క ఒక్కటి కావాలె అన్నట్టు. తాగనోడైతె నవ్వి "నాకు అలవాటే లేదమ్మా" అంటడు, తాగేటోడు లెక్క చెప్తడు. "నీ మంచికే అడుగుతున్న, కల్లు బంద్ అయితె ఫిట్స్ వస్తయి, ముందే మందు ఇస్తం" అని ఎందుకు అడుగుతున్నవో కూడ చెప్పు. ఇంటోళ్ళు పక్కనుంటె "ఓపీ చీటీ జిరాక్స్ తీసుకురా పో" అని పంపించి అడుగు. జిరాక్స్ అవసరం లేకున్నా పంపు, ఈ ఒక్క అబద్ధం మనకు మాఫీ.

గట్లనే ఆర్‌ఎంపీ సంగతి. ఊర్లకెల్లి వచ్చేటోళ్ళు సగం మంది ముందుగాల ఊర్లె డాక్టర్ కాడ సూది వేయించుకొనే వస్తరు, గోలీలు మింగే వస్తరు, పాము కరిస్తె పసరు పోయించుకొని వస్తరు. "ఎందుకు పోయినవ్ ఆడికి, చదువుకున్నోళ్ళు గూడ గిట్లనేనా" అని ఒక్కసారి కసిరితె అంతే, ఇగ ఆ సూది గురించి, ఆ గోలీల గురించి చచ్చినా చెప్పరు. ఆ గోలీలల్ల నొప్పుల మందు ఉండొచ్చు, స్టెరాయిడ్ ఉండొచ్చు, ఆల్రెడీ పడ్డ మందే మనం మళ్ళ ఇయ్యొచ్చు. "మన కాడికి రాకముందు ఎవరికి చూపిచ్చిన్రు, ఏమిచ్చిండు, కవర్ ఉన్నదా" అని మామూలుగ అడుగు, కవర్ ఇంటికాడ ఉంటె కొడుకుకు ఫోన్ చేపిచ్చి ఫోటో తెప్పించు. వాట్సాప్ ఇంతకంటె మంచి పనికి ఎన్నడు వాడినం చెప్పు.

ఆడపిల్లలు కడుపునొప్పి అని వస్తె, పెళ్ళి కాలేదు కదా అని నెల తప్పిన ముచ్చట అడగకుండ ఇడిసిపెట్టకు, కాని తల్లి ముంగట అడగకు. పిల్లను బీపీ చూడాలె అని లోపటికి తీసుకపోయి, తలుపు దగ్గరికేసి, గొంతు తగ్గించి అడుగు. మొహం మీద, చేతుల మీద కమిలిన మచ్చలుండి "బాత్రూంల జారిపడ్డ" అని చెప్పే అక్క అయినా అంతే, పెనిమిటి పక్కన ఉన్నంతసేపు ఆమె జారిపడ్డనే అంటది. ఒంటరిగ ఉన్నప్పుడు "ఇంట్ల ఎవరన్న చెయ్యి చేసుకుంటున్నరా అక్కా" అని సీదా అడుగు. చెప్తె నువ్వు పంచాయితీ చెయ్యకు, ఇడిసిపెట్టి రమ్మని సలహా కూడ ఇయ్యకు, ఆమె సంసారం ఆమెకు తెలుసు. విన్నదాన్ని విన్నట్టు రాయి, డాక్టర్‌కు చెప్పు, ఆడోళ్ళకు సాయం చేసే 181 నంబర్, సఖి సెంటర్ గురించి చెప్పు, నంబర్ కాయితం మీద రాసియ్యకు (ఆ కాయితం ఇంట్ల దొరికితె ఇంకో దెబ్బ పడ్తది), నోటికి వచ్చేటట్టు చెప్పు, మూడంకెలే గద.

నొప్పి చారాణనా బారాణనా

నొప్పి సున్నా నుంచి పది వరకు ఎంత అని అడిగితె మన అవ్వలు మన దిక్కే చూస్తరు, "మస్తు ఉంది బిడ్డా" అంటరు, లేకపోతె అస్సలు లేదంటరు. నేనైతె రూపాయ లెక్క అడుగుత. "రూపాయంత నొప్పి అంటె ఓర్వలేనంత అనుకో అవ్వా, ఇప్పుడెంతుంది, చారాణనా, ఆటాణనా, బారాణనా?" టక్కున చెప్తరు. చారాణ అంటె రెండు మూడు, ఆటాణ అంటె ఐదు, బారాణ అంటె ఏడు ఎనిమిది అని కేస్ షీట్‌ల రాసుకుంట. మందు ఇచ్చినంక మళ్ళ పోయి అడగాలె, అది మనం మర్చిపోతం, ఇచ్చి చేతులు దులుపుకుంటం. బారాణ నుంచి చారాణకు దిగలేదంటె సారుకు చెప్పాల్సిందే. మాట రాని చిన్నపిల్లలకు, సోయి సరిగ లేనోళ్ళకు మొహమే లెక్క, నొసలు ముడిసిన్రా, పండ్లు కొరుకుతున్నరా, కదిలిస్తె మూలుగుతున్నరా చూడు.

"ఓర్చుకో" అన్న మాట మన నోట్ల ఎప్పుడూ ఉంటది, లేబర్ రూంల అయితె మరీ. నొప్పులతోటి అరిచే పిల్లను తిట్టుడు, తొడ మీద కొట్టుడు నేను కండ్లార చూసిన, ఏ దవాఖాన అని చెప్ప, ఒక్క కాడ కాదు. అట్ల తిట్లు తిన్న తల్లి రెండో కాన్పుకు దవాఖానకు లేటుగ వస్తది లేకపోతె అప్పు చేసి ప్రైవేటుకు పోతది. లేబర్ రూంలు బాగుచెయ్యనీకి సర్కార్ 2017ల తెచ్చిన లక్ష్య ప్రోగ్రాంల కాన్పు టైంల ఎంట ఒక ఆడమనిషిని ఉండనియ్యాలె అని ఉంది. తల్లో, అత్తో, అక్కో, ఆ పిల్ల ఎవరిని అడిగితె వాళ్ళను రానియ్యి. ఇంకోటి, ఆడపిల్ల పుట్టినప్పుడు మనం చెప్పే గొంతు కూడ మారుతది, చూసుకో. మన గొంతు పడిపోతె బయట నిలబడ్డ అత్త మొహం ఇంకింత పడిపోతది.

పేరు, ఊరు, ఏండ్లు

ఇది నా తప్పు ముచ్చట. ఒక్క వార్డుల ముగ్గురు లక్ష్మమ్మలు. మన దిక్కు లక్ష్మమ్మలు, యాదమ్మలు, ఎల్లయ్యలు, మల్లయ్యలు ఎంతమందో తెల్వనిది కాదు. ఇన్సులిన్ సిరంజిల తీసుకొని పోయి "లక్ష్మమ్మ నువ్వేనా అవ్వా" అన్న, "ఆఁ" అన్నది. రైక చెయ్యి పైకి జరుపుతున్న, పక్క బెడ్డామె "సిస్టరమ్మా ఆమెకు షుగర్ లేదు గదా" అన్నది. ఆ అవ్వకు చెవులు వినపడవు, ఏమడిగినా ఆఁ అంటది. పక్క బెడ్డామె లేకపోతె ఏమయ్యేదో తల్సుకుంటె ఇప్పటికీ పెయ్యి జలదరిస్తది.

కాబట్టి పేరు మనం చెప్పొద్దు, వాళ్ళ నోటితోటి చెప్పియ్యాలె. "నీ పేరేందవ్వా, మీదేవూరు, ఇంటిపేరేంది?" పెనిమిటి పేరు అడిగితె పాతకాలం ఆడోళ్ళు నోటితోటి తియ్యరు, సిగ్గుపడి పక్కోళ్ళ దిక్కు చూస్తరు, అందుకే ఊరు, ఇంటిపేరు అడుగుడే నయం. ఏండ్లు అడిగితె "రజాకార్ల లొల్లప్పుడు నేను చంకల పిల్లను" అంటది, నువ్వు నవ్వుకోకు, 1948కి లెక్క కట్టుకుంటె ఎనభైకి దగ్గర దగ్గర అయితది, మందు డోస్‌కు ఆ లెక్క కావాలె. ఇగ ఆమె ఏం చెప్పినా చేతికున్న బ్యాండ్ మీద ఐపీ నంబర్ (అడ్మిషన్ నంబర్), కేస్ షీట్ మీద నంబర్ కలవాలె. బెడ్ నంబర్ మీద భరోస పెట్టుకోవద్దు, ఫ్యాన్ తిరుగుతలేదని రాత్రికి రాత్రి బెడ్లు మార్చుకుంటరు మనోళ్ళు.

రక్తం ఎక్కించేటప్పుడు ఇద్దరు సిస్టర్లు కలిసి చూడాలె, బ్యాగ్ నంబర్, గ్రూపు, పేరు, ఎక్స్‌పైరీ డేట్, అన్నీ గట్టిగ చదువుకోవాలె, మొదటి పదిహేను నిమిషాలు ఆడికెల్లి కదలొద్దు. చలి పెడుతుంది, నడుము నొస్తుంది, ఏదో అయితుంది అంటె ఆపేసి డాక్టర్‌ను పిలువు, వణుకు దుప్పటి కప్పితె పోతది అనుకోకు. ఫోన్‌ల సారు చెప్పిన ఆర్డర్ రాసుకొని మళ్ళ సారుకే చదివి వినిపియ్యి, ఫిఫ్టీన్‌కు ఫిఫ్టీకి ఫోన్‌ల తేడా వినపడదు. కొంతమంది సార్లు యాష్టకొస్తరు, రానీ. పొటాషియం క్లోరైడ్ ఆంపుల్ కలపకుండ నరంల ఎన్నడూ వెయ్యరాదు, అందుకే ఆ ఆంపుల్స్ వేరే డబ్బల, ఎర్ర ప్లాస్టర్ అంటిచ్చి పెట్టు. చేతులు కడుక్కునుడు గురించి నేను చెప్పేదేముంది.

మందు తాగిన కేసు

మన కాడ మందు అంటె మూడు రకాలు, గోలీల మందు, పత్తిచేను మందు, మాపటీలి మందు. ఫోన్‌ల "మందు తాగిండు, తీసుకొస్తున్నం" అంటె ఏ మందు అని అడుగు, డబ్బా ఎంట తెమ్మను. పత్తి ఏసే ఊర్ల నుంచి ఈ కేసులు మనకు రాని నెల ఉండదు.

ఇంటోళ్ళు ముందుగాల అబద్ధమే చెప్తరు. "చేన్ల కొడుతుంటె గాలికి నోట్లె పడ్డది", "నీళ్ళనుకొని తాగిండు". పోలీస్ కేసు అయితదని భయం, ఊర్లె పరువు భయం, పిల్లయితె రేపు పెళ్ళి కాదని భయం. నువ్వు చెప్పాల్సిందేందంటె, 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం 115వ సెక్షన్ ప్రకారం పానం తీసుకోబోయిన మనిషి బాగ పరేషాన్‌ల ఉండి చేసిండనే చూడాలె, శిక్ష వెయ్యొద్దు, ఆ మనిషికి వైద్యం చేపిచ్చుడు సర్కార్ బాధ్యత. 2024 జూలై 1 నుంచి వచ్చిన కొత్త న్యాయ సంహితల, పానం తీసుకోబోవుడు నేరం అన్న పాత ఐపీసీ 309 సెక్షన్ కూడ లేదు. ఎంఎల్‌సీ (మెడికో లీగల్ కేసు) రాసుడు దవాఖాన రూలు, అది డాక్టర్ రాస్తడు, అది వేరే. "మీ పిల్లగాన్ని జైల్ల ఎయ్యరు తల్లీ, ఎంత తాగిండు, ఎప్పుడు తాగిండు చెప్పు" అంటె అప్పుడు నిజం బయటికొస్తది.

ఆర్గనోఫాస్ఫరస్ (ఒక రకం పురుగుమందు) కేసుకు దాని విరుగుడు అట్రోపిన్ పెట్టినంక ఇంకో తమాష ఉంటది. ఛాతిల నెమ్ము ఎండేదాంక పెడుతూ పోతం, ఎక్కువైతె పేషెంట్ గాలిల ఏదో ఏరుకుంటున్నట్టు చేతులు ఆడిస్తడు, ఒర్రుతడు, పైపులు గుంజుతడు, పెయ్యి కాలుతది కాని చెమట ఉండదు, కడుపుల పేగుల సప్పుడు వినపడదు. ఇంటోళ్ళు దయ్యం పట్టిందని ఏడుస్తరు. వాళ్ళకు ముందే చెప్పి పెట్టు, మందు పనిచేసేటప్పుడు ఇట్ల మాట్లాడొచ్చు, భయపడకున్రి, పైపులు పీకకుండ చేతులు పట్టుకొని పేరు పెట్టి పిలుస్తుండున్రి అని. సారుకు వెంటనే చెప్పు, మూత్రం ఆగి కడుపు ఉబ్బిందా కూడ చూడు, ఒక్కోసారి ఆ లొల్లంత దానికే.

సోయిలకు వచ్చినంక మనోళ్ళు చేసే పెద్ద తప్పు, "పెండ్లాం పిల్లలను పెట్టుకొని గీ పనేంది, సిగ్గులేదా" అని తిట్టుడు. ప్రేమతోటే తిడుతరు, నాకు తెలుసు, నేను కూడ తిట్టిన. కాని ఆ మనిషి సిగ్గుతోటే తాగిండు, ఇంకింత సిగ్గు పెట్టి ఏం లాభం. "మళ్ళ సచ్చిపోవాలనిపిస్తుందా అన్నా" అని సీదా అడుగు. అడిగితె లేని ఆలోచన వస్తదేమో అని భయపడకు, అడుగుడుతోటి అట్ల రాదు, అడిగినంక చానమంది గుండె దించుకొని ఏడుస్తరు. అవుననంటె ఆ బెడ్డు డ్యూటీ టేబుల్‌కు ఎదురుంగ ఉండాలె, ఒక్కన్ని బాత్రూంకు పంపొద్దు, ఇంటోళ్ళల్ల ఒకరు ఇరవై నాలుగ్గంటలు ఉండాలె, సైకియాట్రీకి చూపియ్యమని సారుకు గుర్తుచెయ్యి, షిఫ్ట్ మారేటప్పుడు హ్యాండోవర్‌ల నోటితోటి చెప్పు. మనసు బాగలేనోళ్ళకు సర్కార్ పెట్టిన ఫోన్ లైన్ టెలి మానస్ 14416, 2022 అక్టోబర్ నుంచి నడుస్తుంది, పైసలు పడవు, తెలుగుల మాట్లాడుతరు, పేషెంట్ ఫోన్‌ల మనమే సేవ్ చేసియ్యాలె. ఇంటికి పంపేటప్పుడు పురుగుమందు డబ్బాలు ఇంట్ల ఉంచకుండ తాళం ఏసి ఇంకో చోట పెట్టమని అటెండర్‌కు చెప్పు, ఈ ఒక్క మాటకే పానాలు నిలబడ్తయి.

ఎంట మనిషి లేనోళ్ళు

సర్పంచ్ ఫోన్ చేసిన పేషెంట్‌కు స్కానింగ్ మధ్యాహ్నానికల్ల అయితది, తండ కెల్లి ఒక్కతె వచ్చిన అవ్వది ఎల్లుండి అయితది. ఎవరూ కావాలని చెయ్యరు, అడిగేటోడు ఉన్నోడిది ముందుకు జరుగుతది, అంతే. నేను ఒక చిన్న పని చేస్త, రౌండ్స్ కంటె ముందు వార్డుల ఎవరికి అటెండర్ లేడు అని చూసి ఆ పేర్లు చేతి మీద పెన్నుతోటి రాసుకుంట. వాళ్ళ టెస్టులు, వాళ్ళ రిపోర్టులు, వాళ్ళ అన్నం, ఇగ ఆ పూటకు నేనే వాళ్ళ అటెండర్. ఎవరన్న వచ్చి మాకు ముందు చెయ్యమంటె "ఊపిరి ఆడనోడు ముందు, జరమొచ్చినోడు తర్వాత, లైన్ గిట్లనే ఉంటది అన్నా" అని మర్యాదగనే చెప్పొచ్చు, పోస్టర్ కంటె మాట మంచిగ పనిచేస్తది.

దేవరకొండ దిక్కు తండాలకెల్లి వచ్చే పెద్దోళ్ళకు తెలుగు అంతంతే. మనం తెలుగుల గట్టిగ అరిస్తె అర్థమయితది అనుకుంటం, వినపడక కాదు గద. యాడీ (వాళ్ళ మాటల అమ్మ) అని పిలిస్తెనే ఆ మొహం ఇచ్చుకుంటది. ఆయమ్మలల్ల, ఆశా అక్కలల్ల లంబాడోళ్ళు ఉంటరు, మాట మార్చి చెప్పుడుకు వాళ్ళను పిలువు, చిన్నపిల్లలతోటి మాత్రం తల్లి రోగం గురించి అడిగిపియ్యకు. ఉర్దూ మాట్లాడేటోళ్ళకు మనకొచ్చిన దక్కనీ చాలు. అమ్రాబాద్, మన్ననూర్ మీద పెంటల (అడవిల గూడేల) నుంచి వచ్చే చెంచోళ్ళయితె నోరే తెరవరు, రెండోరోజు రాత్రి చెప్పకుండ ఎల్లిపోతరు, మనం రిజిస్టర్‌ల 'చెప్పకుండా వెళ్ళిపోయారు' అని రాసి పంచాయితీ తెంపుకుంటం. ఎందుకు పోయిండు? ఇంటికాడ పిల్లలకు తిండి ఎట్ల, మళ్ళ పోనీకి కిరాయి ఎట్ల, ఈ ఫ్యాన్ సప్పుడుల నిద్రెట్ల. అడ్మిట్ అయిన రోజే "ఇంటికాడ ఎవరున్నరు, నువ్వు లేకపోతె ఏం ఆగిపోతది" అని అడిగితె సగం ఎల్లిపోవుళ్ళు ఆగుతయి. పోయిండంటె కూడ ఆ ఊరి ఏఎన్ఎంకు ఫోన్ చెయ్యి.

వలస పోయి వచ్చినోళ్ళ సంగతి పాలమూరోళ్ళకు నేను చెప్పాల్నా. బొంబాయి, పూనా కెల్లి దగ్గుకుంట వస్తరు. టీబీ గోలీలు అక్కడ షురూ చేసి ఈడికి వస్తె నిక్షయ్ ఐడీ (టీబీ పేషెంట్‌కు సర్కార్ ఇచ్చే నంబర్) అడుగు, ఆ నంబర్ ఉంటె ఇక్కడ మన సెంటర్‌ల గోలీలు ఆగకుండ అందుతయి, మళ్ళ పోయేటప్పుడు ఆడికి మార్పిస్తరు. మామూలు టీబీకి ఆరు నెలలు మింగాలె, 2024 నవంబర్ నుంచి తిండికి నెలకు 1000 రూపాయలు ఖాతాల పడ్తయి, ఇదివరకు 500 ఉండె. కాని ఈ ముచ్చటంత చెవుల చెప్పు. వార్డు మొత్తానికి వినపడేటట్టు "నీది టీబీయే గద" అంటె ఆయన రేపు కనపడడు. హెచ్‌ఐవీ అయితె ఇంకా జాగ్రత్త, 2017 చట్టం ప్రకారం ఆ మనిషి ఒప్పుకోకుండ బయటికి చెప్పరాదు, వైద్యం నిరాకరించరాదు. బెడ్డుకు ఎర్ర గుర్తు పెట్టుడు, కేస్ షీట్ మీద పెద్ద అక్షరాలు రాసుడు వద్దు. గ్లవ్స్ అందరికీ వేసుకోవాలె, ఆ ఒక్కరికే వేసుకుంటె వార్డంతకు చెప్పినట్టే. సూది గుచ్చుకుంటె సబ్బునీళ్ళతోటి కడిగి వెంటనే రిపోర్ట్ చెయ్యి, మందు గంటలల్ల షురూ కావాలె, 72 గంటలు దాటితె లాభం లేదు.

ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మొదలైనప్పుడు మొదటి మూడు జిల్లాలల్ల పాలమూరు ఒకటి, అనంతపురం, శ్రీకాకుళం తోటి. 2023 డిసెంబర్ 9న వైద్యం ఖర్చు పరిమితి 5 లక్షల నుంచి 10 లక్షలు చేసిన్రు. అయినా ఇప్పటికీ కార్డు ఇంటికాడ మర్చిపోయినమని బయట బెంచీ మీద కూసునేటోళ్ళు ఉన్నరు. నా సుట్టాలాయన్ని గుండెనొప్పితోటి ఒక ప్రైవేటు కాడికి తీసుకపోతె కౌంటర్ల ముందు పైసలు కట్టున్రి అన్నరు, ఆ ముప్పావుగంట నేను మర్చిపోను. పానం మీదికొచ్చినప్పుడు ముందు వైద్యం, తర్వాతే కాయితాలు అని సుప్రీంకోర్టు 1989లనే చెప్పింది, సర్కార్ దవాఖాన అయినా ప్రైవేటయినా. కార్డు ఫోటో కొడుకుతోటి తెప్పియ్యి, ఆరోగ్యమిత్ర డెస్క్ ఏడుందో చూపెట్టకు, ఎంట పోయి నిలబడు, చదువురానోళ్ళకు డెస్క్ చూపెట్టుడు అంటె అడవి చూపెట్టినట్టే.

నల్గొండోళ్ళకు ఇంకోటి. మర్రిగూడ, మునుగోడు, చండూరు దిక్కు పెద్దోళ్ళల్ల ఫ్లోరోసిస్ ఉన్నోళ్ళు ఇంకా ఉన్నరు, నీళ్ళు మారినా ఎముక మారదు గద. నీళ్ళల్ల ఫ్లోరైడ్ తీసే పద్ధతికి దేశమంత నల్గొండ టెక్నిక్ అనే అంటరు, మన ఊరి పేరు గట్ల మోగింది. వాళ్ళ మెడ తిరగదు, నడుము వంగదు, మోకాళ్ళు వంకర పోతయి. చెయ్యి పట్టి గుంజి లేపకు, ఎముక గట్టిగ కనపడుతది కాని పెళుసు. తల కింద మెత్తలు ఎక్కువ పెట్టు, పక్కకు తిప్పేటప్పుడు మొత్తం పెయ్యిని ఒక్కసారి ఇద్దరు కలిసి తిప్పాలె, రెండు గంటలకోసారి, లేకపోతె వీపు పుండ్లు పడ్తయి. ఆపరేషన్ అయితె మత్తు డాక్టర్‌కు ముందే చెప్పు, నడుముల సూది దిగదు, మెడ వంగక గొంతుల పైపు కూడ కష్టమయితది. కింద కూసునే లెట్రిన్ వాళ్ళతోటి కాదు, కుర్చీ లెట్రిన్ ఏడుందో వెతుకు, లేకపోతె వాళ్ళు సిగ్గుకు నీళ్ళే తాగరు, తిండి తినరు. అడిగితె "ఆకలైతలేదు" అంటరు, అసలు ముచ్చట లెట్రిన్.

డిశ్చార్జ్ రోజు

అందరికీ తొందరుంటది ఆ రోజు, బెడ్ ఖాళీ కావాలె, బస్సు టైం అయితుంది. గోలీల కవర్ చేతుల పెట్టి "పొద్దునొకటి రాత్రొకటి" అని పంపుతం. కవర్ మీద సూర్యుడు, చందమామ బొమ్మ గియ్యి, చందమామ పక్కన రొట్టె గీస్తె తిన్నంక అన్నట్టు. మళ్ళ ఎప్పుడు రావాల్నో తారీఖు చెప్తె గుర్తుండదు, "రెండు అంగళ్ళు పోయినంక వచ్చే బేస్తారం" అని వాళ్ళ ఊరి అంగడి లెక్క చెప్పు. ఆడోళ్ళకు బస్సు ఫ్రీ ఉంది 2023 డిసెంబర్ నుంచి, ఎంట వచ్చే తాతకు కిరాయి పడ్తది, అది కూడ అడుగు, లేకపోతె అవ్వ ఒక్కతె రావాల్సి వస్తది లేదా అసలే రాదు.

"అర్థమయిందా అవ్వా" అని అడగకు, ఆఁ అంటది. "ఇంటికి పోయినంక ఈ గోలీలు ఎట్లేస్తవో నాకు ఒకసారి చెప్పు" అను. చెప్తుంటె మధ్యల అందుకోకు. తప్పు చెప్తె మళ్ళ మొదటికెల్లి చెప్పు, ఈ బస్సు పోతె ఇంకో బస్సు వస్తది.